యూచిన్ తల్లి పక్కన పచ్చ భూతం

రేవు డెబ్భై ఒకటో ఏడు, 9వ పోటు

చెవులు రెండూ శుభ్రం చేశాను. నావి కాదు, రేవువి. మంచు అడుగున నీళ్లలోకి వేలాడే ఆ రెండు గొట్టాల మీద ఉప్పు పేరుకుంటుంది. పోటు పోటుకీ గీకకపోతే వినికిడి పోతుంది. గురుగ్రహం తన చుట్టూ తిరిగే ఈ చందమామని లాగినప్పుడల్లా మా నెత్తి మీది మంచు మూలుగుతుంది, పగులుతుంది, మళ్లీ అతుక్కుంటుంది. ఆ మూలుగుల్లోంచి తెప్పల చప్పుడు ఏరుకుని, ఏది ఎంత దూరంలో ఉందో చెప్పడం నా పని. నీళ్ల అడుగున పోయే ఇనప బండిని తెప్ప అనడమేమిటని బడిలో పిల్లలు నవ్వుతారు. భీమిలి నుంచి ఇంత దూరం వచ్చిన మా అవ్వాతాతలు పేరు మారిస్తే వేట సాగదని భయపడ్డారు, అంతే.

పని అయ్యాక గుడికి వెళ్లాను. వెళ్లకపోయినా బాగుండేది. కొత్త బొమ్మలు నిలబెట్టారు.

మధ్యలో యూచిన్ తల్లి. పూసల తెర వేలాడే కిరీటం, నిండు చందమామ లాంటి ముఖం, సగం మూసిన కళ్లు. కుడి పక్కన ఎర్ర భూతం, కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని దూరం చూస్తోంది. ఎడమ పక్కన పచ్చ భూతం. కోరలు, నడుముకి పులితోలు, చేటలంత చెవులు. కుడి చెవి వెనక చెయ్యి పెట్టుకుని వింటోంది. ఎడమ చెవికి ఒక నల్ల చిప్ప తగిలించారు, తీగతో సహా.

అది అచ్చం నా చెవిచిప్పే. తెప్పల చప్పుడు వినడానికి రోజూ నేను పెట్టుకునేది. అంచు విరిగితే నీలం టేపు చుట్టాను. ఆ నీలం టేపు కూడా వదల్లేదు మహానుభావులు.

"బాగా కుదిరింది కదేటి?" అన్నాడు వూ తాత. గుడి చూసుకునేది ఆయనే. చీనా వాడైనా చిన్నప్పుడే మా పెద్దల దగ్గర తెలుగు పట్టాడు. మాకన్నా ముదర యాస ఆయనది.

"ఇదెవలు తాతా?"

"గాలిసెవుల భూతం. మొదట్ల సెడ్డదే. తల్లి లొంగదీసి పక్కనెట్టుకున్నాది."

"నన్నెప్పుడు లొంగదీసినాది?"

ఆయన నన్నూ బొమ్మనూ మార్చి మార్చి చూసి గడ్డం గోక్కున్నాడు. "నువ్వని ఎవులన్నారే అమ్మీ? సెక్కినోడికి నమూనా ఏదోటి కావాల కదా. ఆ ఎర్రది మన రేవు దీపం. దీపం ఏటైనా అంటన్నాదేటి?"

దీపానికి కడుపుమంట ఉండదు. నాకుంది. ఈ పుస్తకం తెప్పల రాకపోకలు రాయడానికి ఇచ్చారు, అయినా రాస్తున్నాను. ఈ యూచిన్ చచ్చిపోయిన మనిషి, అయినా ఆమెని చూస్తే నాకు కడుపుమంట. పేరు: కాసులమ్మ, వినికిడి గది.

రాకపోకలు: మూడు తెప్పలు వెళ్లాయి, మూడూ వచ్చాయి.

10వ పోటు

ఎందుకు మంట అని ఎవరైనా అడిగితే చెప్పడానికి సిద్ధంగా ఉన్నాను. ఎవరూ అడగరు. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

నా కూతురు ముత్యాలు పుట్టినప్పుడు అరచేతిలో పట్టేది. ఊపిరి నిలిచేది కాదు. వైద్యుడు కూడా చేతులెత్తేశాడు. అంతకు కొద్ది ముందే యూచిన్ పోయింది. ఆమె ప్రాణం పెట్టి ఒడ్డుకి చేర్చిన తెప్పల్లో ఒకదానిలో నా మొగుడు ఎల్లాజీ ఉన్నాడు. "నన్ను బతికించినాది, నా గుంటని బతికించదేటి?" అని పిల్లని ఎత్తుకుపోయి యూచిన్ ఫొటో ముందు పడుకోబెట్టాడు. అప్పటికి గుడిలో మాజు తల్లి ఉండేది. చీనా సముద్రాల్లో చేపలోళ్లు వెయ్యేళ్లుగా మొక్కే తల్లి. యూచిన్ ఫొటో ఆవిడ పాదాల దగ్గర ఒక పక్కగా ఉండేది, అంతే.

బతకదనుకున్న బిడ్డని దేవతకి దత్తత ఇవ్వడం చీనా వాళ్ల ఆచారం. మెడలో ఎర్రదారం కడతారు. పదహారో ఏడు వచ్చేదాకా బిడ్డ దేవతది. కన్నతల్లిని అమ్మా అని పిలవకూడదు, పిన్నీ అనాలి. ఫలానా దాని బిడ్డ అని తెలిస్తే కాచుకున్న దయ్యాలు ఎత్తుకుపోతాయట.

ముత్యాలు బతికింది. కాదనను. బిడ్డ నిలిస్తే చాలని నేనూ దండం పెట్టాను. కానీ కడుపున పుట్టిన దానిచేత పదహారేళ్లు పిన్నీ అనిపించుకుంటే ఎలా ఉంటుందో అనిపించుకున్న వాళ్లకే తెలుస్తుంది. జడ వేసేది పిన్ని, జడలో పువ్వు తీసి పెట్టేది అమ్మకి. జ్వరం వస్తే తల పట్టేది పిన్ని, కలవరించేది అమ్మని. ఊడిన మొదటి పాలపన్ను కూడా కాగితంలో చుట్టుకుని గుడికే పట్టుకెళ్లింది. ఆ పన్ను వచ్చేటప్పుడు ఎవరి వేలు కొరికిందో అడగండి.

ఇంకో మూడు పోట్లలో ముత్యాలుకి పదహారు నిండుతాయి. ఆ రోజు దారం తెంపేది నేను. వేళ్ల మీద లెక్క పెట్టుకుంటున్నాను.

11వ పోటు

బడిలో పిల్లలు యూచిన్ తల్లి కథ ఆడారు. నోరు మూసుకుని చూసి వచ్చాను. అది నా గొప్పతనం.

జరిగింది నాకు తెలుసు. దీపమూ, దారి చూపే యంత్రమూ ఒకేసారి ఆగిపోయాయి. ఐదు తెప్పలు నీళ్లలో దారి తప్పాయి. తెప్పలు దిగే మంచు కంతని మేం నోరు అంటాం. యూచిన్ నోటి దగ్గర మోకాలి లోతు నీళ్లలో నిలబడి సుత్తితో ఇనప గొట్టం కొట్టింది. నేను ఈ గదిలో కూర్చుని, ఏ తెప్ప ఏ పక్క ఉందో విని, ఎప్పుడు కొట్టాలో తీగ మీద ఆమెకి చెప్పాను. ఆ చప్పుడు పట్టుకుని నాలుగు తెప్పలు వచ్చేశాయి. అయిదోది నోటి అంచుకి వచ్చేసరికి ఆమె నిలబడ్డ చోటే గడ్డకట్టింది. ఇదీ కథ.

మొదటి ఏడు కథలో ఇద్దరం ఉన్నాం. కొన్నేళ్లకి నేను శిష్యురాలినయ్యాను. ఆ తర్వాత నీళ్లు అందించే పనిమనిషిని. తర్వాత అసలు లేను. ఇప్పుడు కోరలతో తిరిగొచ్చాను. ఐదు తెప్పలు ఎనభై ఒకటయ్యాయి. అప్పటికి మా రేవు మొత్తానికి ఉన్నవే పన్నెండు! ఇనప గొట్టం బంగారు గంటయింది. ఇక పుట్టినప్పుడు ఆ తల్లి ఏడవలేదట. నెల దాటినా నోరు విప్పలేదట. అందుకని మౌనబాల అని పేరు పెట్టారట. యూచిన్‌కి మౌనమా! నిద్రలో కూడా వాగేది. ఆమె పక్క పడకలో పడుకున్న దాన్ని, నాకు తెలీదా?

తిన్నగా వూ తాత మీదికి వెళ్లాను. ఆయన ధూపం కడ్డీలు చుడుతున్నాడు. తాపీగా విన్నాడు.

"మౌనబాల కత మాజు తల్లిదే. ఇద్దరూ సముద్రం తల్లులే కదా, అందుకని కలిసిపోనాది," అన్నాడు. "మాజు తల్లి మాత్రం ఏటి? సాపలోళ్ల గుంటే. సచ్చిపోయినాక ఊరోళ్లు దండవెట్టినారు. వందేళ్లు దాటినాక ఒక రాజు బిరుదిచ్చినాడు. ఆ ఎనకొచ్చిన రాజు ఇంకోటిచ్చినాడు. మొదట్ల దొరసాని, ఆ ఎనక రాణి, ఆకరికి ఆకాశానికే మారాణి. గుంట ఉన్నకాడే ఉన్నాది, బిరుదులు ఎక్కినాయి."

"భూతాలో?"

"ఆటినీ మద్దెలోనే తగిలించినారు."

ఆయన్ని కదిపితే ఆగడు. పడమటి రాణమ్మ అనే ఇంకో చీనా దేవత సంగతి ఎత్తుకున్నాడు. పాత పుస్తకాల్లో ఆవిడకి పులి కోరలు, చిరుతపులి తోక, రేగిన జుట్టు. లోకం మీదికి తెగుళ్లు పంపేదట. కొన్ని వందల ఏళ్లు గడిచేసరికి పట్టుబట్టలు కట్టారు, తింటే చావు లేని పండ్ల తోట ఇచ్చారు. తోక ఏమైందో ఎవరికీ తెలీదు.

"మీ దేవతలకి వయసొచ్చేకొద్దీ అందం వస్తాది తాతా. మాకు మోకాళ్ల నొప్పులొస్తన్నాయి," అన్నాను.

"సందమామలో ఉన్న సాంగె అమ్మో? సావు లేని మందు దొంగతనం సేసి ఎగిరిపోయి కప్పయిపోనాదని ఒక పాత కత. ఇప్పుడు ఆయమ్మని కప్ప అను, సూద్దుం, తంతారు. మరి గుడ్డులోంచి పుట్టి లోకాన్ని సేసిన పాన్‌గూ? అందరికన్నా ముందు పుట్టినోడు ఆడే. కతల్లోకి వచ్చింది మాత్రం అందరికన్నా ఎనక. ఆలీసంగా వచ్చి ముందు బల్ల మీద కూకున్నాడు."

"ఎవలు మారుస్తన్నారు ఇదంతా?"

"ఎవులూ మార్చరే. సెప్పినోడు తనకి కావల్సింది కాస్త ఏసుకుంటాడు. తల్లి లేనోడు తల్లినేసుకుంటాడు. సీకటంటే బయవున్నోడు దీపాన్నేసుకుంటాడు."

అయితే నాకూ ఆశ ఉందన్నమాట. ఇంకో వెయ్యేళ్లకి ఈ కోరలు రాలిపోతాయి, పట్టుచీర కడతారు. అందాకా మోకాళ్లు ఆగితే.

కోపం మాత్రం తగ్గలేదు. ఇంటికొచ్చి గిన్నెలన్నీ రెండోసారి తోమాను.

12వ పోటు

కొంప మునిగింది.

నాచు వేయిస్తున్నాను. ముత్యాలు వచ్చి పొయ్యి పక్కన కూర్చుంది. మెడలో దారం వేలికి చుట్టుకుంటూ చెప్పింది.

"పిన్నీ, నాను దారం తెంపుకోను. గుడిలోనే ఉండిపోతాను. తల్లి పల్లకీ మోసినోళ్లతో కలిసిపోతాను."

"ఏటే?"

"అమ్మ కాడే ఉంటాను."

"అమ్మేటే ఆయమ్మ నీకు? నిన్ను కడుపున మోసినాదా?"

"బతికించినాది కదా."

నేనూ బతికించాను అనాలని నోటిదాకా వచ్చింది. పదహారేళ్లు అన్నం పెట్టడాన్ని బతికించడం అనరు. ఒక్కసారి చచ్చిపోతే అంటారు.

ఎల్లాజీ మూల కూర్చుని వల కుడుతున్నాడు. "ఊరుకోయే కాసులూ," అన్నాడు. "తల్లి ఒగ్గితే వస్తాది, ఒగ్గకపోతే అక్కడే ఉంటాది. మనవేటి సేస్తాం?"

"నువ్వు మాటాడకు. బిడ్డని అడక్కండా అట్టుకుపోయినోడివి నువ్వు."

ముత్యాలు నా కేసి తిరిగింది. "పిన్నీ, ఆయమ్మ పేరెత్తితే సాలు, మూతి మూడు వంకర్లు తిప్పుతావు. ఆయమ్మ నీకేటి సేసినాది?"

ఏమి చేసిందా? పన్నెండేళ్ల వయసు నుంచి నా పక్క పడకలో పడుకుంది. నా బట్టలు వేసుకుంది, నాకు అబద్ధాలు చెప్పింది, ఎల్లాజీని చూసి 'వీడు నీకు సరిపోడే' అని ముఖాన చెప్పింది. ఇన్ని చేసి మధ్యలో వదిలేసి పోయింది. పోయినావిడ పోయినట్టు ఉండక నా కూతురికి అమ్మ అయి కూర్చుంది. ఇదంతా ఒక్క ముక్కలో ఎలా చెప్పను?

"నాచు మాడిపోతన్నాది, లే," అన్నాను.

13వ పోటు

ఇవాళ జరిగింది జరిగినట్టు రాస్తాను. రేపటికే మారిపోతుంది.

దారం తెంపాలంటే దేవత ఒప్పుకోవాలి. నెలవంక ఆకారంలో రెండు చెక్కలుంటాయి, ఒక పక్క చదును, ఒక పక్క ఉబ్బు. కన్నతల్లి వాటిని నేల మీదికి విసరాలి. ఒకటి చదునుగా, ఒకటి ఉబ్బుగా పడితే తల్లి సరేనన్నట్టు. రెండూ ఉబ్బు పైకి పడితే వద్దన్నట్టు. రెండూ చదును పైకి పడితే నవ్వుతున్నట్టు. మూడుసార్లే విసరాలి. ఈ చందమామ మీద బరువు తక్కువ కాబట్టి చెక్కలు తేలుతూ దిగుతాయి.

గుడి నిండా జనం. ముత్యాలు పీట మీద కూర్చుంది. చెక్కలు పడేది తన పక్షానే అన్న ధీమా ముఖంలో కనపడుతోంది.

మొదటిసారి విసిరాను. వద్దు.

రెండోసారి. వద్దు.

మూడోసారి రెండు చెక్కలూ వెల్లకిలా పడి, కాసేపు ఊగి ఆగాయి. నవ్వు.

"తల్లి నవ్వుతన్నాది," అన్నాడు వూ తాత మెల్లగా. "ఇప్పుడు కాదన్నమాట. పైయేడు సూద్దుం, అమ్మీ."

పైయేడు! నాకు ఒళ్లు తెలియలేదు. పీట దాటి బొమ్మ ముందుకి వెళ్లాను.

"ఒలే యూచిన్! ఏటే నవ్వుతన్నావు? కిరీటం ఎట్టుకునేసరికి నాను గుర్తు రాలేదేటి? కాసుల్నే! మౌనబాల అంట, మౌనబాల! వింటా ఊరుకోడానికి సిగ్గు లేదేటే నీకు? ఆ దినం గొట్టం కొడతా ఏటన్నావు? 'కాసులూ, కాళ్లు కొరికేస్తన్నాయే, ఏదోటి మాటాడు, ఆపకు' అన్నావు. నానేటి సెప్పినాను? సేపల పులుసు సెప్పినాను. సింతపండు నువ్వూ సూడలేదు, నానూ సూడలేదు. మా అవ్వ సెప్పిన మాటలే. అయినా ఆ పులుసు మాటంటే నీకిష్టవని సెప్పినాను. సింతపండు నానెట్టు అన్నాను. ఎడం పక్క తెప్ప, కొట్టు అన్నాను. కొట్టినావు. ఉల్లిపాయ దంచు అన్నాను. కుడి పక్క, కొట్టు అన్నాను. కొట్టినావు. పసుపు అన్నాను, కారం అన్నాను. ఉప్పు అనేసరికి నీ సుత్తి ఆగిపోనాది. అయినా నాను ఆపలేదే. పులుసు దించీసినాక కూడా మాటాడతానే ఉన్నాను. నువ్వు ఆపకన్నావు కదేటి!"

ఊపిరి తీసుకున్నాను.

"నన్ను భూతాన్ని సేసి పక్కనెట్టుకున్నావు. సరే, ఉంటాను. నీ పక్కన ఉండడం నాకు కొత్తేటి? నా గుంటని మాత్రం నాకిచ్చీ. పదారేళ్లు నీకొగ్గీసినాను. నీకు పిల్లల్లేరని నాకు తెల్సు. అయినా ఇచ్చీ. అమ్మా అనిపించుకోవాలని నాకూ ఉంటాదే, యూచిన్."

ఎవరినీ అడగలేదు. నాలుగోసారి విసిరాను. ఒకటి చదునుగా పడింది. రెండోది అంచు మీద నిలబడి, తిరిగి తిరిగి, ఉబ్బు పైకి వాలింది.

వూ తాత కత్తెర నా చేతికిచ్చాడు. దారం తెంపాను. ముత్యాలు ఏడుస్తోంది. నా మీద కోపంతోనో, మరెందుకో నాకు తెలీదు. గుడి నిండా జనం కళ్లు తుడుచుకుంటున్నారు. వాళ్లని చూస్తే నాకు ఇంకా మండింది. ఇన్నాళ్లూ యూచిన్ మీదే కడుపుమంట అనుకున్నాను. అది సగమే. మిగతా సగం వీళ్ల మీద. ఆమె నా స్నేహితురాలు. నన్నడక్కుండా పట్టుకెళ్లి ఊరంతా పంచుకున్నారు.

14వ పోటు

ముత్యాలు ఇంట్లోనే ఉంది. పొద్దున్నే లేచి నా చెవిచిప్ప తుడిచి పెట్టింది. గంజి తాగుతూ అడిగింది.

"పిన్నీ, ఆయమ్మ నిజంగా నిద్దట్లో వాగీదా?"

"వాగీది. చీనాలో మొదలెట్టి తెలుగులోకి వచ్చీది."

నవ్వింది. ఆ నవ్వు బాగుంది. ఆ 'పిన్నీ' అన్న పిలుపు మాత్రం బాగాలేదు. నా మొహం చూసి అర్థమైనట్టుంది, తల దించుకుంది.

"అలవాటయిపోనాది. నోరు తిరగట్లేదు. కాస్త ఓపిక పట్టు."

"దానికేటి, నీ ఇష్టం వచ్చినప్పుడే పిలువు," అన్నాను. కంచం కాస్త గట్టిగానే పెట్టాను. దారం తెగింది కదా అని పదహారేళ్లూ తెగుతాయా?

ఎల్లాజీ దాన్ని తన తెప్పలో పనికి పెట్టుకున్నాడు. వేడి ఊటల దగ్గర రొయ్యల కంచెలు చూసుకోవాలి. నాకు ఇష్టం లేదు. గుడిలో కూర్చోవడం కన్నా నయమని ఊరుకున్నాను.

22వ పోటు

ఇవాళ రుయీన్ కొడుకు దారం తెంపారు. రుయీన్ నాచు గదిలో పనిచేస్తుంది, నాకన్నా చిన్నది, నన్ను అక్క వరసలో అప్పా అంటుంది. పోయిన పోటులో వినికిడి గదికి వచ్చి, "అప్పా, ఆ మాటలు నాకు నేర్పవా?" అని అడిగింది. ఏ మాటలే అంటే ఆ రోజు గుడిలో నేను తిట్టిన తిట్లట. అవి మంత్రాలు కావే, నా బాధలు అని పంపేశాను. వూ తాత దగ్గర నేర్చుకుంది. ఆ ముసలాయన ఒక్క ముక్క పోనివ్వకుండా పట్టేశాడు.

వెళ్లి వెనక నిలబడ్డాను. రుయీన్ తలకి నీళ్లు పోసుకుని, కొత్త బట్టలు కట్టుకుని, చేతులు జోడించి, కళ్లు మూసుకుని మొదలుపెట్టింది. "ఒలే యూచిన్. ఏటే నవ్వుతన్నావు." పక్కన తాళం వేస్తున్నారు. ఆ పిల్లవాడు నవ్వకుండా కూర్చున్నాడు, పెంపకం మంచిది. "కాసుల్నే" అన్నచోట కూడా "కాసుల్నే" అంది. చింతపండు నానబెట్టింది, ఉల్లిపాయ దంచింది, పసుపు, కారం. ఉప్పు అనగానే ఆగిపోయింది. తాళం ఆగింది. గుడి మొత్తం తల వంచింది. ఇప్పుడు అదీ ఆచారమే.

పచ్చ భూతం చేతిలో కొత్తగా ఉప్పు గిన్నె పెట్టారు.

రుయీన్ చెక్కలు విసిరింది. మొదటి విసురుకే ఒకటి చదును, ఒకటి ఉబ్బు. తల్లి సరేనంది.

నాకు నాలుగు! పన్నెండేళ్ల వయసు నుంచి తన పక్క పడకలో పడుకున్న దాన్ని, నన్ను నాలుగుసార్లు విసిరించింది. తనకి ముక్కూ మొహం తెలీని రుయీన్‌కి ఒక్కసారికే! అది కూడా నా మాటలకి! ఇంటికి వచ్చేదాకా నాలో నేను తిట్టుకుంటూనే ఉన్నాను. దారిలో ఇద్దరు ముసలమ్మలు నాకు దండం పెట్టబోయారు. పెట్టనివ్వలేదు.

రాకపోకలు: రెండు వెళ్లాయి, రెండు వచ్చాయి.

31వ పోటు

అక్షరాలు ఎలా వస్తే అలా రాస్తున్నాను.

పోటు ఎక్కువగా ఉంటుందని తెలిసే మిగతా తెప్పల్ని ఆపాం. ఎల్లాజీ తెప్ప ఒక్కటే ఊటల దగ్గర ఉండిపోయింది, తిరిగి వస్తోంది. అందులో ఎల్లాజీ, ముత్యాలు. చెవిచిప్పలో తెప్ప మోటారు బాగానే వినిపిస్తోంది. అప్పుడు మంచు విరిగింది. అలాంటి చప్పుడు నేను పుట్టాక వినలేదు. చెవిచిప్ప తీసేశాను, అయినా గది అంతా వినిపించింది. మళ్లీ పెట్టుకునేసరికి మోటారు లేదు.

గీరుకుంటున్న చప్పుడు. ఊడిన మంచు పలక కింద తెప్ప ఇరుక్కుంది. తర్వాత సుత్తి దెబ్బలు, లోపలి నుంచి. తర్వాత అవీ లేవు.

బయట ఎవరో అరిచారు. జనం గుడి వైపు పరుగెత్తుతున్నారు. గంట మోగింది, వూ తాత గొంతు వినిపించింది. నేను కదల్లేదు. ఊపిరి కూడా గట్టిగా తీయకుండా విన్నాను.

"అమ్మా!"

ఒక్కసారే. ఇనుము గుండా, నీళ్ల గుండా, ముద్దగా. ముత్యాలు గొంతు.

ఆ మాట ఎవరికో నాకు తెలీదు. దారం తెగాక కూడా అది నన్ను పిన్నీ అనే పిలుస్తోంది. అమ్మా అన్న మాట పదహారేళ్లు గుడిలో ఉన్నావిడది. భయం వేసినప్పుడు నోటికి పాత మాటే వస్తుంది. ఇవన్నీ నాకు తెలుసు. ఆలోచిస్తూ కూర్చునే తీరిక లేదు.

యూచిన్ పోయిన ఏడాది, మళ్లీ అలా జరగకూడదని నీళ్లలోకి ఒక బూర దింపారు. ఇక్కడ మాట్లాడితే తెప్పలకి వినిపిస్తుంది. దాని మూత లాగి అరిచాను.

"ఆఁ! ఇక్కడే ఉన్నానే! ఇంటన్నావా? ఒకపాలి కొట్టు!"

టంగ్.

"మీ నాన్న?"

దెబ్బ లేదు. తర్వాత, వేరే చోట, బలహీనంగా: టంగ్. ఇద్దరూ ఉన్నారు.

"సరే. పలక మీకు ఎడం పక్కన పలచగ ఉన్నాది, చప్పుడు తేలిగ్గ వస్తన్నాది. నీళ్ల బరువు అటు తిప్పండి. మోటారు ఒద్దు, ఇప్పుడొద్దు. నాను సెప్పినప్పుడు. బయపడకు. మాటాడతానే ఉంటాను."

మాట్లాడుతూనే ఉన్నాను. ఏమి మాట్లాడానో సగం గుర్తు లేదు. పులుసు మాట మాత్రం ఎత్తలేదు, ఆ మాట ఇవాళ నోట రానివ్వదలుచుకోలేదు. దాని చిన్నప్పటి సంగతులు చెప్పాను. నా వేలు కొరికిన సంగతి, గుడిలో పాకుతూ ధూపం బూడిద తిన్న సంగతి. మధ్యలో మంచు మూలిగినప్పుడల్లా ఆగి, విని, మళ్లీ చెప్పాను. గురుగ్రహం ఇంకోసారి లాగింది. పలక లేచింది. "ఇప్పుడు!" అన్నాను. మోటారు దగ్గింది, పట్టుకుంది.

నోటి దగ్గరకి వెళ్లేసరికి తెప్ప మూత తీస్తున్నారు. ఎల్లాజీకి నుదుటి మీద గాయం. ముత్యాలు తడిసి ముద్దయి, పళ్లు టకటకలాడుతూ, నన్ను పట్టుకుని వదల్లేదు. ఎవరిని పిలిచావే అని నేను అడగలేదు. ఇప్పుడు పక్క పడక మీద నిద్రపోతోంది. అడగను కూడా.

ఎల్లాజీ చెప్పింది విని వూ తాత అప్పుడే గుడిలో చెప్పడం మొదలుపెట్టాడట. పిల్ల అమ్మా అని పిలిచిందట, యూచిన్ తల్లి నీళ్లలోంచి పలికిందట. రేపటికి రేవంతా అదే అంటుంది. వెయ్యేళ్ల తర్వాత కూడా అదే అంటారు. అనుకోనీ.

రాకపోకలు: ఒక తెప్ప వచ్చింది. ఇద్దరూ క్షేమం. పిలుపుకి పలికింది నేను.